ఊగుతున్నది బండా, మనిషా

జూన్ 3

సీటు కవర్ల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ రాస్తున్నాను. ఆయన ఈ పుస్తకం ముట్టుకోరు. నా కుట్టుమిషను బల్ల మీద ఉన్నదేదీ ఆయన కంటికి ఆనదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే షెడ్డులో చెరో మూలా పనిచేస్తున్నాం, నాకు తెలియదూ!

ఇవాళ కూడా బండి తాళాలు అడిగారు. ఇవ్వలేదు.

చెవుల డాక్టరమ్మ ఎంత విడమరిచి చెప్పింది! లోపలి చెవి జబ్బు, తల తిరగడం ఎప్పుడొస్తుందో చెప్పి రాదు, వరసగా ఆరు నెలలు రాకుండా ఉంటే తప్ప స్టీరింగు పట్టుకోవద్దు అని. ఆవిడ చెప్పేదాకా ఎందుకు, పోయిన నెల వంతెన మీద వచ్చినప్పుడు నేను పక్క సీట్లోనే ఉన్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "రోడ్డు పక్కకి పడిపోతోందేంటి" అన్నారు. ఎడమ చక్రాలు రెండూ కాలిబాట ఎక్కేశాయి. హ్యాండ్‌బ్రేకు నేను లాగాను. ఆ భుజం ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

"నేను బాగానే ఉన్నా. నీది వట్టి భయం" అంటారు. నా బండి తాళాలు దాచడానికి నువ్వెవరు అని మాత్రం ఇంకా అనలేదు. అదే పదివేలు.

జూన్ 5

ఒప్పందం కుదిరింది. ఆయన కూర్చుని చెబుతారు. నేను నడిపి చెబుతాను.

నీలం బండి సంగతి. చూడ్డానికి పాత నాలుగు తలుపుల బండి, ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఆరేళ్ళు కూర్చుని దాని లోపల ఎక్కడెక్కడి ఇంజను భాగాలో పేర్చి నాలుగు వందల గుర్రాల బలం తెచ్చారు. బలం వచ్చింది గానీ కింద మోసేవి పాతవే. తొక్కితే ముక్కు పైకి లేస్తుంది, మలుపులో ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఇప్పుడు దానికి కొత్త స్ప్రింగులు, షాకప్సర్లు ఎంచాలి. పందేల బండైతే రాయిలా బిగించేసి ఊరుకోవచ్చు. ఇది వీధిలో తిరగాలి. స్పీడు బ్రేకరు ఎక్కాలి, కూరగాయలు తేవాలి, మా అత్తగారు ఎక్కితే నడుం పట్టుకోకూడదు, తొక్కితే మాత్రం తూటాలా పోవాలి. ఈ నాలుగూ ఒక్క స్ప్రింగుతో కావాలి ఈయనకి.

ఇందులో ఆయన మాటకి తిరుగు లేదు. పక్క ఊళ్ళ నుంచి వచ్చి అడుగుతారు. వచ్చినవాళ్ళ బండి ఎక్కి ఒక్క చుట్టు తిరిగొచ్చి, ఏ చక్రం దగ్గర ఏ లోపమో సీట్లో కూర్చున్న ఒంటితో చెప్పేస్తారు. అదే ఆయన పని, ఆయన పేరు, అన్నీ. అలాంటి మనిషిని సీట్లోంచి లేపి స్టూలు మీద కూర్చోబెట్టాను.

స్ప్రింగులాయన వచ్చి రెండు సెట్లు దింపి వెళ్ళాడు. ఈయనకి చిన్నప్పటి స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. పసుపు రంగువి కొంచెం మెత్తన, ఎరుపువి బాగా గట్టి. "నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చరా. ఎరుపు కోసం ఇంకొకడు నా ప్రాణం తీస్తున్నాడు" అన్నాడు.

జూన్ 8

ఫిట్టరు పొద్దున్నే వచ్చి పసుపు స్ప్రింగులు, కొత్త షాకప్సర్లు బిగించి తన దారిన తను పోయాడు.

స్ప్రింగు బరువు మోస్తుంది. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా షాకప్సరు పట్టుకుంటుంది. పరుగెత్తే పిల్లాడి చెయ్యి పట్టుకున్న అమ్మలా అన్నమాట. ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది దాని నెత్తిన ఉన్న మర చెబుతుంది. మర తిప్పితే టిక్కు టిక్కుమంటుంది, మొత్తం ఇరవై క్లిక్కులు. ముందువి బానెట్టు కింద, వెనకవి డిక్కీలో. తల వంచితే చాలు ఆయనకి లోకం గిర్రున తిరుగుతుంది. అందుకని తిప్పేది నేను.

"నాలుగింటికీ ఆరు పెట్టు" అన్నారు స్టూలు మీంచి.

మరలు పూర్తిగా వదులు చేసి, అక్కణ్ణుంచి ఆరు లెక్కపెట్టాను. నా మిషను మీద దారం బిగువు పెట్టే చక్రం లాంటిదే. సున్నా అంటే వదులు, తొమ్మిది అంటే బిగువు. ఇందులో ఏముంది పెద్ద విద్య! అయినా పదిసార్లు "ఆరేనా? సరిగ్గా లెక్కపెట్టావా?" అని అడిగారు.

జూన్ 9

మొదటిసారి నడిపాను. పాత మిల్లు వెనక సిమెంటు రోడ్డు మీద వెళ్ళి వచ్చాను.

"ఎలా ఉంది?"

"బాగోలేదండీ."

"బాగోలేదంటే నాకేం అర్థమవుతుంది? డాక్టరమ్మ దగ్గరికెళ్ళి ఒంట్లో బాగోలేదు అంటే మందు రాసిచ్చేస్తుందా?"

ఆలోచించాను. నాకు తెలిసింది ఫోము, తోలు, దారం. "బాగా వాడేసిన ఫోము మీద కూర్చున్నట్టుంది. గతుకు పడితే లోపలికి దిగుతోంది, లేస్తోంది, మళ్ళీ దిగుతోంది."

"ఎన్నిసార్లు?"

"మూడు."

"తొక్కితే ముక్కెత్తుతోందా?"

"ఎత్తడమా? ఆకాశం కనబడుతోంది."

నుదురు రుద్దుకున్నారు. "ఒక్కసారి ఊగి ఆగాలే. పసుపుకి ఆరు మీద మూడుసార్లు ఊగడం ఏమిటి?"

ఇంకోటి, సిగ్గు విడిచి రాసుకుంటున్నాను. నడపడం నాకు నచ్చింది. అంత ఊగుతున్నా నచ్చింది. ఆయనతో అనలేదు.

జూన్ 10

నాలుగు పెట్టమన్నారు. పెట్టాను. ఇంకా ఊగింది.

జూన్ 12

మూడు పెట్టమన్నారు. మరీ ఘోరం. పడవ నయం.

"ఎంత బిగించినా ఊగుతుందేమిటే ఇది?" అన్నారు.

బిగించడమేమిటి? ఆరు నుంచి నాలుగు, నాలుగు నుంచి మూడు. వదులు చేయిస్తూ వస్తున్నది ఆయనే. తల తిరగడమే అనుకున్నాను, ఇప్పుడు ఏది బిగువో ఏది వదులో కూడా తేడా తెలియట్లేదా? నిన్న చెంచా ఇవ్వమనబోయి కత్తెర ఇవ్వమన్నారు. లేక కత్తెరే కావాలేమో, నేనే కంగారు పడుతున్నానేమో.

డాక్టరమ్మకి ఫోను చేశాను. "చెవి జబ్బుకి మతి తడబడదమ్మా. అలసట అయ్యుంటుంది. అయినా గమనిస్తూ ఉండండి" అంది. ఈ "అయినా" ఎందుకంది?

ఆయన మాట సరిదిద్దలేదు. మొహం చిన్నబుచ్చుకుంటారు. ఈ మధ్య ఊరికే చిన్నబుచ్చుకుంటున్నారు.

జూన్ 14

"పసుపు వద్దు. బలానికి సరిపోవట్లేదు. ఎరుపు వేద్దాం" అన్నారు. ఫిట్టరు మళ్ళీ వచ్చి విప్పాడు, ఎరుపువి వేశాడు.

"రెండు పెట్టు."

రెండు పెట్టాను. ఇక బండి గెంతడం మొదలెట్టింది. చిన్న రాయి మీదికెక్కినా నా తల కప్పుకి తగులుతోంది. మిల్లు మలుపులో కొంచెం తొక్కానో లేదో వెనక చక్రాలు నేల వదిలేసి పక్కకి జరిగిపోయాయి. ఎలా నిలదొక్కుకున్నానో తెలియదు. రోడ్డు పక్కన ఆపి, కాసేపు కూర్చుని, నెమ్మదిగా వచ్చాను.

"ఎగురుతోందండీ. నాకు భయమేసింది."

"ఎగరడమా? ఎరుపు మీద రెండు పెడితే రాయిలా ఉండాలి కదే!"

అంత వదులు చేయించి రాయిలా ఎలా ఉంటుంది? నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన కళ్ళలో ఏదో బెదురు కనబడింది. నా కళ్ళలోనూ కనబడే ఉంటుంది.

జూన్ 15

రాయాలో వద్దో తెలియట్లేదు.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, "నేనూ పక్కన కూర్చుంటా. నువ్వు చెబితే అర్థం కావట్లేదు, నా ఒంటితో నేనే చూసుకుంటా" అన్నారు. నెల రోజుల తర్వాత మనిషిలో కళ చూశాను. కూర్చోవడానికి డాక్టరమ్మ వద్దనలేదు కదా.

బయలుదేరాం. గతుకులొచ్చాయి. తలుపు పిడి రెండు చేతులా పట్టుకున్నారు. మొహం చెమటలు పట్టింది.

"ఊగుతోంది" అన్నారు. "బాగా ఊగుతోంది. నీకూ ఊగుతోందా?"

ఊగుతోంది. ఎందుకు ఊగదు, నా పళ్ళు కదిలిపోతున్నాయి. కానీ ఆ ఇస్త్రీ చొక్కా చూశాను. అవునంటే ఈయన ఎంచినది మళ్ళీ తప్పిందని చెప్పినట్టే, మళ్ళీ ఓడిపోయారన్నట్టే. ఒక్కపూటైనా సంతోషంగా ఉండనీ అనుకున్నాను. అంతే అనుకున్నాను.

"లేదండీ. ఇవాళ బాగానే ఉంది. చక్కగా కుదిరింది" అన్నాను.

ఆయన నావైపు తిరిగి చాలాసేపు చూశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే నేనే" అన్నారు.

అప్పటికి గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. బండి ఊగట్లేదంటే ఊగుతున్నది ఆయనే. ఆ మాట వెనక్కి తీసుకుందామనుకునేలోపే "ఇంటికి పోనీ" అన్నారు. పోనిచ్చాను.

జూన్ 16

తాళాలు అడగలేదు.

జూన్ 17

తాళాలు అడగలేదు. వంతెన మీద జరిగిన దగ్గర్నుంచి వరసగా రెండు రోజులు అడగకపోవడం ఇదే మొదలు.

తెల్ల బండి ఆయన వచ్చాడు, ఏడాదికోసారి వస్తాడు. "ఏ స్ప్రింగు వెయ్యమంటారు?" అని అడిగితే, "నన్నడక్కండి. నేను చెప్పేది కరెక్టో కాదో నాకే తెలియట్లేదు" అని చెప్పి పంపేశారు. తెల్ల బండాయన నావైపు చూశాడు. నేను దారం ఎక్కిస్తున్నట్టు నటించాను.

డాక్టరమ్మ చెప్పింది జరిగింది. ఆయన బండి నడపరు. ఎవరి కిందా పడరు, ఎవరినీ పడెయ్యరు. ఇది మంచిదే కదా. గుండె తేలికగా ఉంది. కొంచెం.

జూన్ 19

ఒకాయనకి సీటు తలగడ కవరు కుట్టాలి. కొలతకి కాగితం నమూనా కత్తిరిద్దామంటే దళసరి కాగితం లేదు. షాకప్సర్ల పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంటే తీసి పరిచాను. ఒక మూల కత్తిరించాను కూడా. అప్పుడు బొమ్మ కనబడింది.

మర బొమ్మ. బాణం గుర్తు. పూర్తిగా బిగించిన చోట సున్నా. అక్కణ్ణుంచి వెనక్కి వదులుతూ ఒకటి, రెండు, మూడు. ఇరవై దగ్గర పూర్తిగా వదులు.

నాలుగుసార్లు చూశాను. కాగితం తలకిందులుగా తిప్పి కూడా చూశాను.

ఆరంటే ఆయన లెక్కలో దాదాపు బిగువు. నా లెక్కలో దాదాపు వదులు. ఆయన నాలుగన్నారంటే ఇంకా బిగించమని. నేను ఇంకా వదిలాను. మూడంటే ఇంకా. ఎరుపుకి రెండు పెట్టమంటే పట్టుకునే చెయ్యే లేకుండా చేశాను. ఎగరక ఏం చేస్తుంది?

ఆయన మతి ఎక్కడా తడబడలేదు. ఎంత బిగించినా ఊగుతోందేమిటని అడిగింది సరైన ప్రశ్న. పసుపు కరెక్టు. ఆరూ కరెక్టు. మొదటి రోజే కరెక్టుగా చెప్పారు, స్టూలు మీద కూర్చుని, బండి ఎక్కకుండా. దేన్నుంచి ఆరు అని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. వాళ్ళ పనిలో అందరూ బిగించి వదులుతారు కాబోలు, అది చెప్పుకునే సంగతే కాదు కాబోలు. కుట్టుపనిలో ఎవరైనా వదులు నుంచే బిగిస్తారు.

ఇప్పుడే వెళ్ళి చెప్పాలి. ఆయన పడుకున్నారు. లేచాక చెబుతాను.

జూన్ 20

నిన్న లేచాక తలనొప్పి అన్నారు. రేపు చెబుతాను.

జూన్ 21

ఇవాళ వాన. తలుపులన్నీ వేసి ఉన్న ఇంట్లో ఇలాంటి మాటలు పెట్టుకోకూడదు.

జూన్ 22

నిజం రాయడానికే కదా ఈ పేజీలు. రాస్తాను.

చెబితే ఏమవుతుంది? తన తల భేషుగ్గా ఉందని ఆయనకి తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం తాళాలు అడుగుతారు. "చూశావా, నేను బాగానే ఉన్నానని చెప్పానా లేదా" అంటారు. ఇవ్వనంటే ఏ మొహం పెట్టుకుని ఇవ్వనంటాను, తప్పు చేసిందాన్ని నేనై ఉండి? ఇస్తే వంతెన. నేను పక్కన లేని రోజు వంతెన.

చెప్పకపోతే మనిషి ఇంట్లో భద్రంగా ఉంటారు. నేను చేస్తున్నది ఆయన మంచికే.

జూన్ 23

ఆయన మంచికే.

జూన్ 25

తాపీమేస్త్రీ దగ్గర మట్టం అడిగి తెచ్చుకున్నారు. బల్ల మీద పెడతారు, కిటికీ మీద పెడతారు, గోడకి ఆనిస్తారు, గాజుగొట్టంలో బుడగ వైపు తదేకంగా చూస్తారు. ఇవాళ నా మిషను బల్ల మీద పెట్టి నన్ను పిలిచారు.

"బుడగ మధ్యలోనే ఉందా?"

"మధ్యలోనే ఉందండీ."

"నీకూ మధ్యలోనే కనబడుతోందా? నిజం చెప్పు."

నిజం చెప్పు అని నన్నడుగుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నానా అంటే అదీ లేదు. దారం కంట్లో పడిందన్నాను.

పంపు కట్టేశానా అని మూడుసార్లు అడిగారు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి నన్ను ఏదైనా రెండోసారి అడగడం నేను చూళ్ళేదు. మరల సంగతి ఒకటే తప్ప.

జూన్ 27

స్ప్రింగులాయన వచ్చాడు. ఈయన లోపల ఉన్నారు. అతను నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "చెల్లెమ్మా, వాడు నిన్న నా షాపుకొచ్చి కూర్చుని ఏడ్చాడు. రెండు సెట్లూ పట్టుకుపొమ్మంటున్నాడు. నీలం బండి కూడా అమ్మేస్తాట్ట. ఎవరైనా ఉంటే చూడమన్నాడు. ఒకాయన ఒకటో తారీఖు పొద్దున వస్తానన్నాడు" అన్నాడు.

నేను బల్ల మీది తోలు ముక్కలు ఏరి సంచీలో వేశాను.

"నలభై ఏళ్ళుగా వాడు చెబితే నేను తెప్పించేవాణ్ణి. ఇప్పుడు నేనెవరినడగాలి, చెప్పు?"

స్ప్రింగులాయనకైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మంచినీళ్ళు కావాలా అన్నయ్యా అని అడిగాను.

జూన్ 28

బండి అమ్మేస్తే సమస్యే ఉండదు కదా. తాళాలూ ఉండవు. నేనెందుకు ఏడుస్తున్నానో నాకే అర్థం కావడం లేదు.

జూన్ 30

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళేసరికి పనిముట్లన్నీ గుడ్డ మీద పరిచి ఒక్కొక్కటే నూనెతో తుడుస్తున్నారు. ఎందుకండీ అంటే ఫిట్టరుకి ఇచ్చేస్తారట. "వాడికైనా పనికొస్తాయి" అన్నారు. ఆ మాట అన్న తీరుకి నా ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు.

"మీ తప్పేం లేదు" అన్నాను. "మర నేను తప్పుగా తిప్పాను."

తుడుస్తూనే, "ఓదార్చకు" అన్నారు.

"ఓదార్పు కాదండీ. వదులు వైపు నుంచి లెక్కపెట్టాను. మొదటి రోజు నుంచీ."

"ఆ రోజు నేను కూర్చున్నాను కదా పక్కన. నువ్వే అన్నావు బాగా కుదిరిందని."

"అబద్ధం చెప్పాను. ఊగింది. నాకూ ఊగింది. నా పళ్ళు కదిలిపోయాయి. మీరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారని అబద్ధం చెప్పాను!"

ఆ చివరి మాట ఎలా ఉందో అన్నాక తెలిసింది. తుడవడం ఆపారు. మూల కత్తిరించిన ఆ కాగితం తెచ్చి ఒళ్ళో పెట్టాను. తల వంచకుండా కాగితాన్నే కళ్ళ ఎత్తుకి లేపి చూశారు. బాణం మీద వేలు పెట్టారు. పెదవులు కదిలాయి. ఆరు, నాలుగు, మూడు, రెండు. లెక్కంతా మొదటి నుంచి వేసుకుంటున్నారు. చివరికి ఊపిరి పెద్దగా వదిలారు. నేనింకా నవ్వుతారేమోనని ఆశపడ్డాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఇవాళే అనేస్తే అయిపోయేది. నాలుక చివర సిద్ధంగా ఉంది ఆ మాట.

"పంతొమ్మిదిన."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. "పదకొండు రోజులు" అన్నారు. "మట్టం పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"చూస్తూ కూర్చున్నాను."

"ఎందుకే?"

"తెలిస్తే తాళాలు అడుగుతారని."

లేచి, గోడ పట్టుకుని, బండి దగ్గరికి వెళ్ళి దాని పక్కన స్టూలు మీద కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే రాలేదు. ఎవరికో ఫోను చేశారు. తిట్టినా బాగుండేది.

జూలై 1

పొద్దున ఆరింటికే షెడ్డులో ఇనుము చప్పుడు. ఫిట్టరు ఎరుపువి విప్పి పసుపువి వేస్తున్నాడు. రాత్రి ఫోను చేసింది వాడికన్నమాట. పనయ్యాక వాణ్ణి పంపేసి, మరలు ఆయనే తిప్పారు. మెడ నిటారుగా పెట్టుకుని, ఎటో చూస్తూ, చెయ్యి మాత్రం లోపలికి పోనిచ్చి, తడుముకుంటూ. నాలుగు మరలకి అరగంట పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి కళ్ళు మూసుకుని బండికి ఆనుకున్నారు. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డంపెట్టారు.

"ఎక్కు" అన్నారు. నిన్నటి తర్వాత నాతో అన్న మొదటి మాట.

నేను స్టీరింగు దగ్గర, ఆయన పక్కన. సిమెంటు రోడ్డుకి పోనిచ్చాను. మొదటి గతుకు వచ్చింది. బండి ఒక్కసారి దిగింది, లేచింది, ఆగిపోయింది. కొత్త ఫోము మీద గట్టిగా కుట్టిన సీటు ఎలా ఉంటుందో అలా ఉంది. మిల్లు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది గానీ ముక్కు లేవలేదు, రోడ్డు రోడ్డులాగే కనబడింది. మలుపులో నాలుగు చక్రాలూ నేలని పట్టుకునే ఉన్నాయి.

ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

"ఆగిందా?"

"ఆగింది."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. నిజంగా."

"తెలుస్తోందిలే" అన్నారు. మూసిన కళ్ళ కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

దారిలో స్ప్రింగులాయన ఫోను చేస్తే, "బండి అమ్మట్లేదు. ఆ కొనే ఆయన్ని రావద్దను" అని పెట్టేశారు.

షెడ్డులో ఆపాను. ఇంజను కట్టేశాను. ఆయన కుడి చెయ్యి నా వైపు చాచారు. ఇదిగో వచ్చింది, నేను పదకొండు రోజులు భయపడింది ఇదే. తాళం గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను.

"ఇవ్వను" అన్నాను. "మీ లెక్క కరెక్టు. మీ తల భేషుగ్గా ఉంది. తప్పంతా నాది, పది మందిలో ఒప్పుకుంటాను. అయినా ఇవ్వను. చెవి బాగోలేదు. బాగయ్యేదాకా చచ్చినా ఇవ్వను. తిట్టుకో."

కంగారులో ఏకవచనం దొర్లిపోయింది. ఆయన పట్టించుకోలేదు. చాచిన గుప్పిట విప్పారు. అందులో ఇంకో తాళం ఉంది. నీలం బండిదే.

"ఇదీ నువ్వే ఉంచు" అన్నారు.

రెండో తాళం ఉన్న సంగతే నాకు తెలియదు. తాళం వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాను.

"మే నెలాఖరులో, నువ్వు తోలు కొనడానికి బజారుకెళ్ళిన రోజు తీశాను బండి. వీధి మలుపు దాకా వెళ్ళాను. అక్కడ తిరిగింది. బ్రేకు తొక్కి పట్టుకుని కళ్ళు మూసుకున్నా. తెరిచేసరికి బానెట్టుకి ఎదురుగా ఒక ముసలాయన, చేతిలో సంచీ. జానెడు దూరం. ఎప్పుడొచ్చాడో తెలియదు. నాకేసి చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడే, దారిచ్చాననుకుని." అద్దంలోంచి వీధి వైపు చూశారు. "ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు."

"మరి రోజూ నన్నెందుకు అడిగారు తాళాలు?"

"నువ్వు ఇవ్వవని తెలుసు కాబట్టి."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండిట్లో ఏది ముందో తేలక స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయనా దిగలేదు. కాసేపటికి, "తెల్ల బండాయన నంబరు ఉందా నీ దగ్గర? రేపు రమ్మను. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా" అన్నారు.

"ఎలా ఉందో చెప్పడం నాకు రాదు కదా."

"వచ్చు. ఫోము భాషలో చెప్పు. నేను అర్థం చేసుకుంటా."

సాయంత్రం ఎరుపు స్ప్రింగులు పెట్టెలో సర్ది స్ప్రింగులాయనకి నేనే ఫోను చేశాను. పసుపు ఉంచుకుంటున్నాం అన్నాను. ఎవరు తేల్చారు చెల్లెమ్మా అని అడిగాడు. ఆయనే, మొదటి రోజే అన్నాను.

రెండు తాళాలు పట్టుకుని ఇల్లంతా తిరిగాను, ఎక్కడ దాచాలో తోచక. బీరువా తెరిచాను, మూశాను. చివరికి వీధి తలుపు పక్కన మేకుకి తగిలించాను, ఇద్దరికీ అందేలా.